ఒడ్డు ఎక్కడుండేది? పాత పటాల్లో, ఫోటోల్లో మన గంజాం తీరం

(కార్తీక మాసంలో బరంపురంలో తెలుగువాళ్ళ సభలో ఒక విశ్రాంత భూగోళం మాస్టారు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నుంచున్నవాళ్ళు ముందుకు రండి, కుర్చీలున్నాయి. నేను చూపించే బొమ్మ చిన్నది, దగ్గరికొస్తేనే కనబడుతుంది. అమ్మా, మీరు కూడా రండి. పిల్లల్ని ముందు కూచోబెట్టండి.

ఈ కార్డు చూడండి. అరచెయ్యంత ఉంది. గోపాల్‌పూర్ ఒడ్డు. పాత పోస్టుకార్డు బొమ్మ, ఏళ్ళ కిందట పాత పుస్తకాల కొట్టులో దొరికింది. ఒక పడవ, దాని చుట్టూ ఎనిమిది మంది మగవాళ్ళు, కుడిపక్క అంచున గంప పట్టుకున్న ఒక ఆడమనిషి. ఆవిడ మొహం సగమే పడింది. కింద ఇంగ్లీషులో ఊరి పేరుంది. అంతే. ఆ ఎనిమిది మంది పేర్లు లేవు, ఆవిడ పేరు లేదు, తేదీ లేదు.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పాను. పటం చదవడం నాకొచ్చు, ఫోటో చదవడం కూడా వచ్చనే అనుకున్నాను. ఈ కార్డు చూసి, పడవ సముద్రం నుంచి వస్తోంది, ఒడ్డుకి లాగుతున్నారు అనుకున్నాను. ఒకరోజు దీన్ని జేబులో పెట్టుకుని గోపాల్‌పూర్‌లో మన జాలర్ల వీధికి వెళ్ళాను. ఒక పెద్దాయన వల అల్లుకుంటున్నాడు. ఎనభై దాటినవాడు. కార్డు కళ్ళ దగ్గర పెట్టుకుని, 'రావడం ఏటి బాబూ, ఎల్తంది' అన్నాడు. ఎలా చెప్పావు తాతా అని అడిగాను. మడమలు చూడమన్నాడు. చూశాను. అందరి మడమలూ పైకి లేచి ఉన్నాయి, వేళ్ళు ఇసకలో దిగబడి ఉన్నాయి, భుజాలు పడవకి ఆనించి ఉన్నాయి. లాగేవాడి కాలు అలా ఉండదు, నెట్టేవాడి కాలే అలా ఉంటుంది. తరవాత తాడు చూపించాడు. ఉండ చుట్టి పొడిగా ఉంది. తడి తాడైతే నల్లగా పడుతుంది కదా. ఆ తరవాత ఆవిడ గంప. ఖాళీ గంప. మనిషిని సాగనంపడానికి వచ్చింది, చేపల కోసం రాలేదు.

నేను పదేళ్ళు చూసిన బొమ్మ అది. ఆయన రెండు నిమిషాలు చూశాడు. ఈ రోజు నేను చెప్పాలనుకున్నదంతా ఆ రెండు నిమిషాల గురించే. పటాలు, చార్టులు, ఫోటోలు అన్నీ ఎక్కడెక్కడో భద్రంగా ఉన్నాయి. చెన్నైలో ఉన్నాయి, భువనేశ్వర్‌లో ఉన్నాయి, ఢిల్లీలో, లండన్‌లో ఉన్నాయి. కానీ వాటిని చదవగలిగిన కళ్ళు ఇక్కడ ఉన్నాయి. మన వీధుల్లో ఉన్నాయి. ఆ కళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి.

ఆ పడవ సంగతి కొంచెం చెప్పాలి, ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. ఇంగ్లీషువాళ్ళు మసూలా పడవ అని రాసేవాళ్ళు. పలకని పలకకి కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్ళు. మేకు కొట్టరు. ఎందుకంటారు? మన దగ్గర కెరటం ఒడ్డు మీదే విరుగుతుంది. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ దెబ్బకి పగులుతుంది. కుట్టిన పడవ వంగి మళ్ళీ లేస్తుంది. గోపాల్‌పూర్‌లో అప్పట్లో ఓడ ఆగడానికి లోపలికి రేవు లేదు. స్టీమరు దూరంగా లంగరు వేసేది. సరుకైనా మనిషైనా కెరటాలు దాటి ఈ పడవలోనే స్టీమరు ఎక్కాలి. రంగం వెళ్ళినవాళ్ళంతా అలాగే వెళ్ళారు. మన పెద్దవాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. ఈ హాల్లో మీ ఇంట్లో ఎవరైనా రంగం వెళ్ళినవాళ్ళుంటే చెయ్యెత్తండి... చూశారా, సగం హాలు.

ఇప్పుడు ఈ కార్డులోనే ఇంకో సంగతి. సముద్రం ఏ పక్కనుంది? ఎడం పక్క. మన ఒడ్డు ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. సముద్రం ఎడం పక్కన పడిందంటే, ఫోటో తీసినవాడు నైరుతి వైపు, అంటే సోనాపూర్ వైపు మొహం పెట్టి నుంచున్నాడు. కుడి పక్కన పడితే ఈశాన్యంగా, రుషికుల్య నది వైపు చూస్తున్నట్టు. నీడలు చూడండి, భూమి వైపు పడ్డాయి. మనకి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కాబట్టి ఇది పొద్దుటి పూట. అయితే ఒక జాగ్రత్త ఉంది. పాత గాజు పలకల ఫోటోలు ఒక్కోసారి తిరగేసి అచ్చు వేసేవాళ్ళు. అప్పుడు కుడి ఎడమవుతుంది. బొమ్మలో ఎక్కడైనా అక్షరం ఉంటే ముందు అది సరిగ్గా చదవగలుగుతున్నామో లేదో చూసుకోవాలి. అక్షరం లేకపోతే, వెనకాల కొండో గుడో దొరికితే, అది ఇప్పుడు ఏ పక్కనుందో అక్కడికి వెళ్ళి సరిచూసుకోవాలి. ఇంట్లో కూచుని తేల్చకూడదు.

సరే, పటాల దగ్గరికి వద్దాం.

మన తీరం పటాల్లోకి ఎక్కడం చాలా పాతమాట. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ పండితుడు, ఓడలు ఒడ్డు వదిలి తూర్పు దేశాలకి నడిసముద్రంలోకి బయల్దేరే చోటు పలూరా దగ్గరుందని రాశాడు. అది మన చిలికా సరస్సుకి దక్షిణం పక్కనున్న పాలూరే అని చాలామంది పండితులు అంటారు. చిలికా మొగ, అంటే నీళ్ళు సముద్రంలో కలిసే చోటు, దాని దగ్గర మణికపట్నంలో తవ్వితే రోము దేశపు జాడీల ముక్కలు, చైనా పింగాణీ ముక్కలు దొరికాయి. మొన్న పౌర్ణమికి మన ఒడియా ఇరుగుపొరుగు, పూర్వం ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ గుర్తుగా, అరటి దొప్పల పడవలు వదిలారు, మన ఆడవాళ్ళు దీపాలు వదిలారు, ఒకే చెరువులో. ఆ పడవలు వట్టి ఆట కాదని ఆ ముక్కలు చూస్తే తెలుస్తుంది.

కొలిచి గీసిన పటాలు మాత్రం ఇంగ్లీషువాళ్ళ కాలంలోనే మొదలు. 1765లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. 1767లో ఇప్పటి సర్వే ఆఫ్ ఇండియా మొదలైంది. అప్పట్లో జిల్లాకి ముఖ్యపట్నం ఏది? బరంపురం కాదు, ఛత్రపురం కాదు. రుషికుల్య మొగలో ఉన్న గంజాం ఊరు. అక్కడే కోట, అక్కడే దొరలు, అక్కడే ఓడలు. 1815 ప్రాంతంలో జ్వరాలు పట్టుకుని ఊరు ఊరంతా కూలిపోయింది. కచేరీలు అక్కణ్ణించి లేచిపోయాయి. ఈ రోజు బస్సులో గంజాం మీదుగా వెళ్ళేటప్పుడు పిల్లలకి చెప్పండి, జిల్లాకి ఆ చిన్న ఊరి పేరెందుకుందో.

గోపాల్‌పూర్ కూడా అంతే. పాత కాగితాల్లో గోపాల్‌పూర్ కోసం వెతికితే ఒక్కోసారి దొరకదు. మన్సూరుకోట అని వెతకాలి. ఆ ఊరు ఇప్పటికీ పక్కనే ఉంది కదా. పేర్లతో ఇదే చిక్కు. దొర అడుగుతాడు, పక్కనున్న దుబాసీ ఒకటి వింటాడు, దొర ఇంకోటి రాసుకుంటాడు. ఒకే ఊరు మూడు పటాల్లో మూడు రకాలుగా పడుతుంది. మీరు వెతికేటప్పుడు పేరుని కళ్ళతో వెతక్కండి, పైకి చదవండి. ఆ ఇంగ్లీషు అక్షరాలు గట్టిగా చదివితే మన ఊరి పేరు చెవికి తగులుతుంది.

భూమి మీది పటం వేరు, సముద్రం చార్టు వేరు. భూమి పటంలో సముద్రం ఖాళీగా నీలం రంగులో ఉంటుంది. చార్టులో భూమి ఖాళీగా ఉండి సముద్రం నిండా అంకెలుంటాయి. ఆ అంకెలు లోతులు. కంపెనీ 1779లో అలెగ్జాండర్ డాల్రింపుల్ అనే ఆయనకి ఈ చార్టుల పని అప్పగించింది. 1874లో కలకత్తాలో సముద్ర సర్వే శాఖ పెట్టారు. ఇప్పుడు ఆ పని మన నౌకాదళం వాళ్ళు డెహ్రాడూన్ నుంచి చేస్తారు.

పాత చార్టుల్లో లోతు ఫాథంల్లో ఉంటుంది. ఒక ఫాథం అంటే ఆరడుగులు. రెండు చేతులూ చాపితే ఎంతో అంత. దానికి మనకి మాట లేదా? ఉంది. బార. మనవాళ్ళు ఇప్పటికీ ఏడు బారల నీళ్ళు, పది బారల నీళ్ళు అంటారు. చార్టులో ఏడు అని ఉంటే మీ మావయ్యని అడగండి, అక్కడ ఏ చేప పడుతుందో చెప్తాడు. అంకె పక్కన చిన్న చిన్న అక్షరాలు కూడా ఉంటాయి. అడుగున ఇసకా, బురదా, రాయా అని. అది ఎలా తెలిసిందంటే, సీసం గుండుకి అడుగున గుంట ఉండేది, ఆ గుంటలో కొవ్వు పూసి తాడుతో దింపేవాళ్ళు. అడుగునున్నది ఆ కొవ్వుకి అంటుకుని పైకొచ్చేది. రోజంతా పడవలో నుంచుని దింపడం, లాగడం, బారలు లెక్కపెట్టడం. ఒక చార్టు మీద వందల అంకెలున్నాయంటే అన్నిసార్లు ఒక మనిషి చేతులు నొప్పెట్టాయని అర్థం.

చార్టులో ఒడ్డు మీద ఏం గీస్తారో తెలుసా? సముద్రంలోంచి కనబడేవి మాత్రమే. గుడి గోపురం, దీపస్తంభం, కొండ. మన మహేంద్రగిరి పదిహేను వందల మీటర్లు. ఆకాశం తేటగా ఉంటే చాలా దూరం నుంచి కనబడుతుంది. ఓడవాడికీ అదే గుర్తు, తెప్పవాడికీ అదే గుర్తు. తెప్పవాడు ఆ కొండకి ఒడ్డునున్న తాటిచెట్టుని కలిపి గీత గీసుకుంటాడు మనసులో. చార్టులో గీసేదీ ఆ గీతే. ఒకటి కాగితం మీదుంది, ఇంకోటి మనిషి బుర్రలో ఉంది. కాగితం మీదది అచ్చయింది. రెండోది ఎవరు రాసుకున్నారు?

ఇక అసలు చిక్కు. ఒడ్డు కదులుతుంది. మన దగ్గర ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. నైరుతి గాలులకి కెరటం ఏటవాలుగా కొడుతుంది, ఇసకని కొంచెం కొంచెం ఉత్తరానికి తోస్తుంది. ఏడాదికి లక్షల ఘనపు మీటర్లు. నది మొగలు అందుకే కుదురుగా ఉండవు. రుషికుల్య మొగ ఒక పటంలో ఒక చోట, ఇంకో పటంలో ఇంకో చోట ఉంటే సర్వేవాడిది తప్పనుకోకండి. చిలికా మొగ అలా జరిగీ జరిగీ పూడుకుపోతే, 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వాల్సొచ్చింది. ఆ నడిచే ఇసకకి అడ్డంగా రాళ్ళ గట్టు కట్టారనుకోండి, గట్టుకి దక్షిణాన ఇసక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. తూర్పు తీరంలో ఎక్కడైనా ఇదే లెక్క.

పొడంపేట మీ అందరికీ తెలుసు. రుషికుల్య మొగ దగ్గర మన తెలుగు జాలర్ల ఊరు. ఇళ్ళు ఒక్కొక్కటే సముద్రంలోకి పోయాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను వచ్చింది, ఆ తరవాత ఏం మిగిలిందో చూశారు. జనం వేరే చోటికి వెళ్ళారు. తుపాను తరవాత నేను వెళ్ళాను. ఒక నుయ్యి చూశాను. నుయ్యంటే నేలలో ఉండాలి కదా. చుట్టూ ఇసక కొట్టుకుపోయి, నూతి ఒరలు పైకి, స్తంభంలా నుంచుని ఉన్నాయి. కెరటం వచ్చి ఒరలకి కొట్టుకుంటోంది. పై ఒర అంచున తాడు రాసుకున్న గాళ్ళు ఉన్నాయి, వేలు పెడితే దిగేంత లోతుగా. ఎన్ని చేతులు తోడితే అంత లోతు పడుతుంది! ఆ గాళ్ళలో వేలు పెట్టి కాసేపు అలాగే నుంచుండిపోయాను.

ఇంటికొచ్చి పటాలు తీశాను. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, కుర్రాళ్ళు మళ్ళీ చెయ్యకూడదు. మైలుకి అంగుళం లెక్కన గీసిన పాత సర్వే పటం జెరాక్సు ఒకటి నా దగ్గరుంది. దాని మీద ఒడ్డు కొలిచాను, ఇప్పటి ఉపగ్రహం బొమ్మ మీద కొలిచాను. తేడా వందడుగులొచ్చింది. ఒక సమావేశంలో లేచి, సముద్రం వందడుగులు తినేసింది అని చెప్పేశాను. తరవాత కూచుని లెక్కేసుకున్నాను. మైలుకి అంగుళం అంటే, పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు. పెన్సిలు గీత మందం అర మిల్లీమీటరు అనుకోండి. ఆ గీత మందమే వందడుగులు! నేను కొలిచింది సముద్రాన్ని కాదు, గీత మందాన్ని. మళ్ళీ వెళ్ళి, నేను చెప్పిన అంకె తప్పని అక్కడే చెప్పాను. ఊరు పోయిన మాట నిజం. నిజానికి తప్పుడు అంకె తగిలిస్తే, రేపు ఎవడో ఆ అంకెని కొట్టేసి, దాంతోపాటు ఊరినీ కొట్టేస్తాడు. అందుకని చెప్తున్నాను.

ఇంకోటి, ఏ ఒడ్డు? భూమి సర్వే పటంలో గీసేది పోటు మీదున్న ఒడ్డు. చార్టు లోతులు లెక్కేసేది ఆటు మీద. రెంటినీ పోల్చకూడదు. ఏ నెల? వానాకాలంలో ఒడ్డు సన్నబడుతుంది, చలికాలంలో మళ్ళీ ఇసక పోస్తుంది. ఆగస్టు బొమ్మనీ జనవరి బొమ్మనీ పక్కపక్కన పెట్టి కోత అనకూడదు. ఉపగ్రహం బొమ్మలు 1972 నుంచి ఉన్నాయి, ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాలవి, డబ్బు కట్టక్కర్లేదు. అంతకు ముందువి కావాలంటే, 1960ల్లో అమెరికావాళ్ళు గూఢచారి ఉపగ్రహాలతో తీసిన కరోనా బొమ్మలున్నాయి. 1995లో వాటి మీద రహస్యం ఎత్తేశారు. అమెరికా సైన్యం వేసిన భారతదేశం పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయం సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కుర్రాళ్ళకి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం పెద్ద పని కాదు, అదీ ఉచితమే. కదలని గుర్తు పట్టుకోండి. దీపస్తంభం, రైలు వంతెన, పాత గుడి. వాటిని పాత పటం మీదా కొత్త బొమ్మ మీదా ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు కూర్చండి. అప్పుడు మిగిలింది ఎంత కదిలిందో చూడండి.

కాగితాలు ఎక్కడ వెతకాలి? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. అంతకు ముందు మనం మద్రాసు రాజధానిలో ఉన్నాం. అందుకని గంజాం జిల్లా పాత రికార్డులు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ తరవాతవి భువనేశ్వర్‌లో వెతకాలి. పిల్లలు భువనేశ్వర్ ఒక్కటే చూసి, ఏమీ లేదు మాస్టారూ అని వచ్చేస్తారు. సగం చరిత్ర చెన్నైలో ఉంది నాయనా. నేనోసారి ఒక రికార్డు గదిలో ఒక నక్షా తీయించుకున్నాను. మడత విప్పితే, సరిగ్గా ఒడ్డు గీత మీదే చిరిగిపోయి ఉంది. ఎన్నో ఏళ్ళు అక్కడే మడత పెట్టారు, చెమ్మ తగిలింది. భూమి ఒక ముక్క, సముద్రం ఒక ముక్క. మధ్యలో ఊళ్ళుండే చోటు పొడి అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

అందుకే మీ ఇళ్ళల్లో ఉన్నవాటి గురించి అడుగుతున్నాను. మా తాత రంగంలో బియ్యం మిల్లులో పనిచేశాడు. అక్కడి స్టూడియోలో తీయించుకున్న ఫోటో ఒకటి పంపించాడు. 1942 మార్చిలో రంగం జపానువాళ్ళ చేతిలో పడింది. తాత అడవుల్లోంచి నడిచొచ్చాడు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి, అదే రోజు మన తీరానికి ఎదురుగా సముద్రంలో ఎన్నో సరుకు ఓడల్ని ముంచేశారు. తాత ఇంటికి చేరేసరికి చేతిలో ఏమీ లేదు. ఫోటో మాత్రం ముందే ఇంటికొచ్చి ఉంది. మా మామ్మ రేకు పెట్టెలో, పట్టుచీర మడతలో పెట్టింది. ఫోటో వెనకాల తాత పెన్సిలుతో తెలుగులో రాసిన రెండు ముక్కలున్నాయి. 'ఒడ్డున పడవ ఎక్కినప్పుడు నువ్వు నుంచున్న చోటు కనబడింది.' అంతే రాశాడు. ఏ చార్టులోనూ ఆ చోటు లేదు.

మీ పెట్టెల్లో ఇలాంటివి ఉన్నాయి, నాకు తెలుసు. దయచేసి లామినేషన్ చేయించకండి, ఫోటో పాడైపోతుంది. గాజుకి అంటుకుపోతే పీకకండి, గాజుతోనే ఫోటో తీయండి. స్కాన్ చేసేటప్పుడు వెనకవైపు కూడా చెయ్యండి, అసలు సంగతి చాలాసార్లు వెనకాలే ఉంటుంది. పెద్దవాళ్ళు చెప్పిన పేర్లు మెత్తటి పెన్సిలుతో అంచున రాయండి, బాల్‌పెన్ను వద్దు. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా రాయండి.

ఆ బల్ల మీద ఐదు పటాలు పరిచాను. సోనాపూర్ నుంచి చిలికా దాకా ఒడ్డంతా ఉంది. పైన పల్చటి ట్రేసింగ్ కాగితం వేశాం, దాని మీద మీరు గీయొచ్చు, భయపడకండి. వలలు ఎండేసే చోటు, గంగమ్మ గుడి, మొగలి పొదలు, పెద్దవల లాగే చోటు, మీకు గుర్తున్నవన్నీ పెట్టండి. పేర్లు మీ నోటితో ఎలా పలుకుతారో అలాగే రాయండి.

అదిగో, పొడంపేట నుంచి పెద్దమ్మ వచ్చారు. ఇలా రా పెద్దమ్మా, కుర్చీ వేశాం. ఆ నుయ్యి మీ వీధిదేనని ఇందాక అన్నావు కదా. ఇది రుషికుల్య, ఇది మొగ. తొందరేం లేదు. మీ ఇంటి గుమ్మంలోంచి నూతికి ఎటు తిరిగి వెళ్ళేదానివి? వేలు పెట్టి చూపించు, నేను గుర్తు వేస్తాను.